విహారయాత్రకు ముందు స్థలమును చూచి రావలెను

గత దసరా సెలవులకు పూర్వము, ఏడవ తరగతి పిల్లలను మంజీర యొడ్డునకు ఒకదిన విహారయాత్రగా గొనిపోవుదుమని ప్రకటింపగా, ఒక తండ్రిగారు నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, పిల్లలను నీళ్లున్నచోటికి తీసికొనిపోవుట యెందుకండీ? బడిలో నున్నంతసేపు మాకు దిగులుండదు" అనిరి. ఆయన మాట త్రోసివేయదగినది కాదు.

మన మదీనాగూడకు ఎంతో దూరము కాని బాచుపల్లిలోని విజ్ఞానజ్యోతి ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు 2014వ సంవత్సరమున హిమాచలప్రదేశమునకు యాత్ర వెళ్లిరి. జూన్ 8వ తేది సాయంకాలమున మండీ జిల్లాయందలి తలౌట్ సమీపమున వారు త్రోవలో బండి దిగి, బియాస్ నదిలోని రాళ్లమీద నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. ఎగువనున్న లార్జీ జలవిద్యుత్కేంద్రపు ఆనకట్టనుండి విడువబడిన నీరు నిమిషములలో పెరిగి, 24 మంది విద్యార్థులను, వారితో వెళ్లిన యాత్రానిర్వాహకు నొకనిని గొనిపోయెను. అది వానవలన వచ్చిన వరద కాదు. కనుక ఆకాశమును చూచినవారికి అనుమానము కలుగుటకు హేతువు లేకపోయెను. దేహములకొఱకు వెదకుట వారములతరబడి సాగెను. 2016వ సంవత్సరమున ఆ రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము మృతుల కుటుంబములకు ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయలు చెల్లింపవలెనని తీర్పు చెప్పుచు, ఆ భారములో విద్యుత్తుబోర్డుతోపాటు కళాశాలకును పాలు పెట్టెను. నీరు విడిచినవారేకాక పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లినవారును ఉత్తరవాదులేయని దీని భావము. ఉపాధ్యాయులమైన మనము ఆ తీర్పును రెండవమారు చదువవలెను.

అది ఒకదిన యాత్ర కాదు, నిజమే. ఐనను ప్రమాదము జరిగినది త్రోవలో కొలది నిమిషముల విరామమునందు. నా యభిప్రాయమంతయు ఈ ఒక్క సంగతిమీద నిలిచియున్నది. చేరవలసిన స్థలమునుగూర్చి ఎవరో యొకరు విచారింతురు. నడుమ ఆగుచోటును ఎవరును విచారింపరు. "ఇక్కడ బాగున్నది, ఒక్క ఫోటో" అను కేక బస్సులో పుట్టగానే డ్రైవరు బండి ఆపును, ఉపాధ్యాయుడు నవ్వి ఊరకుండును.

ఆ దుర్ఘటన పిమ్మట విహారయాత్రలే వలదనువారు పెక్కుమంది యేర్పడిరి. నేను వారిలో చేరను. ముంబయి రహదారి ప్రక్కను అంతస్తుల మేడలలో పెరుగుచున్న మన పిల్లలలో ఎందరు ప్రవహించు నదిని చూచియున్నారు? నదిని పటమునందు మాత్రమే చూచిన బాలుడు దానికి వెరచుట ఎప్పుడు నేర్చును? పెద్దవాడై స్నేహితులతో స్వేచ్ఛగా తిరుగునప్పుడు వానికి ఎవరు చెప్పుదురు?

ఐతే మనము సన్నాహమనునది ఏమి? బస్సు మాటలాడుట, చందా వసూలు చేయుట, పులిహోర, పెరుగన్నము పొట్లములు కట్టించుట, పాటలపెట్టె మఱవకుండుట. స్థలమును చూచి వచ్చువారు లేరు. నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును కట్టింపదలచినప్పుడు, ఎవరికిని చెప్పక, కొద్దిమందితో రాత్రివేళ బయలుదేరి పడిపోయిన గోడలను ముందుగా చూచివచ్చెను. ఒక గోడకే అంత జాగ్రత్త కావలసిరాగా, నలువదిమంది పిల్లలకు అక్కరలేదా?

పరులకు చెప్పుచున్న నేను నిర్దోషిని కాను. పది సంవత్సరముల క్రిందట మార్చినెలలో ఎనిమిదవ తరగతివారిని గోలకొండకు గొనిపోతిని. ముందుగా చూచి రాలేదు; చిన్నప్పటినుండి ఎరిగిన కోటయే గదా యనుకొంటిని. బాలాహిస్సారుకు సుమారు 360 మెట్లు. నీళ్ల డబ్బాలు బరువని బస్సులోనే దింపివేయుమని నేనే చెప్పితిని. పండ్రెండు గంటల యెండలో నడుమ మెట్లవద్ద ఒక బాలుడు కన్నులు తిరిగి కూలబడెను. నీడకు చేర్చి, చొక్కా వదులుచేసి, ఒక పరదేశి దంపతులు దయతో నిచ్చిన సీసానీటితో గుడ్డ తడిపి ముఖము తుడిచితిని. తెలివి పూర్తిగా వచ్చిన పిమ్మట గుక్కెడు గుక్కెడుగా త్రాగించితిని. ఇప్పుడు ఒక లీటరు మంచినీటికి 6 చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు కలిపిన సీసాలు నావెంట వచ్చును. ఎండ ముదురకముందే ఎక్కి దిగుట జరుగును. మన పెద్దలు వనభోజనములను కార్తికమాసమున పెట్టుకొనుటలో ఎంత వివేకమున్నదో ఆనాడు నాకు బోధపడెను.

ఆ బాలుడు ఉదయము ఏమియు తినలేదట, రెండుదినములనుండి జ్వరమట. తల్లిగారికి తెలియును. చెప్పిన పిల్లవానిని విడిచిపోవుదుమేమోయని దాచిరి. తలిదండ్రులారా, ఉబ్బసమున్నను, మూర్ఛలున్నను వ్రాసి యిండు. విడిచిపోము, మందు ఎవరి సంచిలో నుండవలెనో మాకు తెలియుటకే అడుగుచున్నాము.

లెక్కించుటనుగూర్చి అధికముగా వ్రాయను. ప్రభువు అయిదువేలమందికి ఆహారము పెట్టకముందు వారిని పంక్తులుగా కూర్చుండబెట్టించెను. తినిన పిమ్మట మిగిలిన ముక్కలను ఎత్తించెను. మన పిల్లలు విస్తళ్లను, ప్లాస్టిక్కు సంచులను చెట్లక్రింద విడిచి వచ్చుట నాకు సిగ్గుగా నున్నది.

ఇక మొదట చెప్పిన తండ్రిగారు. ఆయనకు వాదముతో జవాబు చెప్పక, "మీరును నాతో వచ్చి చూడుడు" అంటిని. ఒక శనివారము ఆయన స్కూటరుమీద సంగారెడ్డివైపు సుమారు 40 కిలోమీటర్లు వెళ్లితిమి. అక్కడ చేపలు పట్టువారిని అడుగగా, సింగూరు గేట్లు ఎత్తినప్పుడు నీరు ఎక్కడివరకు వచ్చునో చేతితో చూపిరి. మొసళ్లు ఎండకు పండుకొను గట్టును చూపిరి. పిల్లలను కూర్చుండబెట్టుటకు మేము మనస్సులో అనుకొన్న చెట్టు ఆ రెంటికిని నడుమ నుండెను. ఏరు నిండుగా నుండెను. తిరిగివచ్చి, శీతకాలపు పక్షులు దిగు జనవరికి యాత్రను వాయిదా వేసితిమి. పిల్లలు రెండుదినములు నాతో సరిగా మాటలాడలేదు.