ఏ నవల కొలత దానిదే

శాన్ ఫ్రాన్సిస్కో బేకు తూర్పున ఉన్న శాన్ రామన్‌లోనూ, దాని పొరుగు ఊళ్ళయిన డబ్లిన్, ప్లెజంటన్‌లలోనూ తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. ఇక్కడి చదువరికి తెలుగు నవల పలు దారుల్లో అందుతుంది. ఇండియా వెళ్ళివచ్చేవాళ్ళు సూట్‌కేసులో తెచ్చేది కొంత, ఫోనులో ఈ-పుస్తకంగా చదివేది కొంత. కిరణ్‌ప్రభ బే ఏరియా నుంచి 2007 జనవరిలో మొదలుపెట్టిన ‘కౌముది’ వంటి అంతర్జాల పత్రికల్లో ధారావాహికగా వచ్చేది మరికొంత. అందువల్ల చారిత్రక నవల, అపరాధ పరిశోధన, ప్రేమకథ ఒకే నెలలో ఒకే చేతిలోకి రావచ్చు. ఇలా కలగలిపి చదివేవారి అభిప్రాయానికి విలువ ఎక్కువ. ఒకే కోవకు కట్టుబడినవారికి కనిపించని తేడాలు వీరికి కనిపిస్తాయి. అయితే ఆ అభిప్రాయం నిలవాలంటే ఒక షరతు ఉంది. ప్రతి నవలనూ అది తలపెట్టిన పనిని బట్టి చూడాలి.

బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ 18వ శతాబ్దపు రాయలసీమ కథ. అనంతపురాన్ని హండే పాలెగాళ్ళు ఏలిన కాలం. 2017లో అమెరికా తెలుగువాళ్ళ సంస్థ తానా బహుమతి, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. పాత్రలు ఎక్కువనీ, సీమ మాట త్వరగా పట్టుబడదనీ దీని మీద వినిపించే ఫిర్యాదు. ఫిర్యాదు నిజమే కానీ దాన్ని లోపంగా లెక్కించడం సరికాదు. నోరి నరసింహశాస్త్రి ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’ నవలల్లో చరిత్ర రాజాస్థానం నుంచి, పండితుల మధ్య నుంచి కనిపిస్తుంది. నారాయణస్వామి కోట బయట నిలబడి, అట్టడుగు కులాల బతుకులోంచి చరిత్రను చూశాడు. అలా చూడాలంటే ఆ మనుషులు మాట్లాడిన మాటే కావాలి. రాజుల తేదీలు సరిపోయాయా అన్నది చారిత్రక నవలకు చిన్న పరీక్ష. చెరువు నీళ్ళు ఎవరివి, యుద్ధంలో చచ్చేదెవరు, ఆడదాని మీద హక్కు ఎవరిది అన్నవి చదువరికి తెలిసివచ్చాయా అన్నది పెద్ద పరీక్ష. ఆ పరీక్షలో ‘శప్తభూమి’ గట్టిగా నెగ్గింది.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ తలపెట్టిన పని వేరు. కరువుకు మేత కరువై గొర్రెలకాపరులు మందలను తోలుకుని నల్లమల ఎక్కుతారు. ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగం దొరక్క తిరిగివచ్చిన రవీంద్ర వాళ్ళ వెంట వెళతాడు. అడవిలో నీటిజాడ పట్టడం, పులి అలికిడికి మంద బెదరడాన్ని పసిగట్టడం, రాత్రి కాపలా కాయడం వంటివి అతనికి పుస్తకాల్లో దొరకని చదువు. శాన్ రామన్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే చదువరికి ఈ నవల సూటిగా తగలడానికి కారణం అడవి ఒక్కటే కాదు. డిగ్రీతో వచ్చే ధైర్యం వేరు, పనిలోంచి పుట్టే ధైర్యం వేరు అన్న సంగతి అతని జీవితానికీ వర్తిస్తుంది. నవల బలమంతా అడవిలో గడిచే రోజుల్లో ఉంది. రవీంద్ర విజయం వైపు కథ మళ్ళాక పట్టు కాస్త సడలుతుంది. దర్శకుడు క్రిష్ 2021లో తీసిన సినిమా కోసం చేర్చిన ప్రేమకథ పుస్తకంలో లేదు, దాని అవసరమూ పుస్తకానికి లేదు. 2019లో ఈ నవలకూ తానా బహుమతే వచ్చింది. అమెరికా తెలుగువాళ్ళ సంస్థ ఇచ్చే బహుమతి అమెరికా కథలను వెతుక్కోకుండా సీమ నేలను గుర్తించడం మెచ్చుకోదగ్గ విషయం.

జనాదరణ నవలల దగ్గరకు వచ్చేసరికి అభిప్రాయాలు దారి తప్పుతుంటాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలను పాత్రల మనోలోకం లేదని తీసిపారేయడం అన్యాయం. ఆధారాలు చదువరి కళ్ళముందు పెట్టాడా, ముడి న్యాయంగా విప్పాడా అన్నదే అక్కడ కొలత. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ భయపెట్టడంలో ఆరితేరిన నవల. చేతబడికి అది ఇచ్చే నమ్మకం మీద అభ్యంతరం మాత్రం సమంజసమే. నేర్పును ఒప్పుకుంటూనే ఆ మాట చెప్పవచ్చు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వచ్చింది. ధనికుడైన నాయకుడు, అభిమానవతి అయిన నాయిక అన్న అచ్చు ఆ తర్వాత ఎంత అరిగిపోయినా, ఉద్యోగం చేసే ఆడపిల్ల ఆత్మగౌరవాన్ని లక్షల ఇళ్ళకు చేర్చింది ఆ నవలే. సులోచనారాణి 2018 మేలో ఈ బే ఏరియాలోనే, కుపర్టినోలో కన్నుమూశారు. ఇక్కడి పాఠకులు ఆమె నవలలను ఇప్పుడు మళ్ళీ చదివి, వయసులో ఉన్నప్పటి మురిపెం పక్కన పెట్టి రాయవలసిన అభిప్రాయం ఇంకా బాకీ ఉంది.

అమెరికా తెలుగు జీవితం మీద వచ్చిన నవలలకు ఇక్కడి చదువరే మొదటి సాక్షి. కల్పన రెంటాల ‘తన్హాయి’ వేరువేరుగా పెళ్ళయిన ఇద్దరి మధ్య పుట్టిన ప్రేమ గురించినది. దాని మీద చర్చ ఎక్కువగా తప్పొప్పుల చుట్టూ తిరుగుతుంది. బంధువుల కన్ను పడని దేశంలో కూడా ఆ ఇద్దరినీ ఆపుతున్నది ఏమిటి అన్నదే నవల అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళు పరాయి దేశపు బతుకును అనుభవించినవాళ్ళే.

అలాంటి జవాబులు రచయితకు చేరాలి. వారపత్రికల కాలంలో పాఠకుల ఉత్తరాలు సీరియల్ నడుస్తుండగానే రచయితకు చేరేవి. ఆ ఉత్తరాల చోటు ఇప్పుడు చాలామటుకు సమావేశాలది. 2012లో మొదలైన ‘వీక్షణం’ సాహితీ వేదిక బే ఏరియా సాహిత్యాభిమానులను నెలనెలా ఒకచోట చేరుస్తోంది. ఇటువంటి చోట నవల మీద వచ్చే మాటల్లో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. వాటిని రాసిపెట్టాలి. కథాసారం సగం పేజీ ఆక్రమించనక్కరలేదు. ఎక్కడ పుస్తకం మూసేయాలనిపించింది, ఏ పాత్ర మాట నమ్మబుద్ధి కాలేదు, ఏ అధ్యాయం రెండోసారి చదివించింది అన్న మూడు సంగతులు కారణాలతో ఉంటే ఒక పేజీ చాలు. అనంతపురంలోనో కడపలోనో కూర్చుని తరువాతి నవల రాసుకునే రచయితకు ఆ పేజీ పనికొస్తుంది.