తాతయ్యకి కళ్లు తిరిగితే... ఎండ దెబ్బేనా?

పర్చూరులో ఓ తాతయ్య. తొడ దగ్గర చిన్న రంధ్రం పెట్టి, రక్తనాళం గుండా గుండెలో కొత్త వాల్వు అమర్చి ఇంటికి పంపారనుకోండి. ‘కోత లేదు, కుట్టు లేదు’ అని ఇంట్లో అందరికీ సంబరం. వారం తిరక్కుండానే మిర్చి కల్లం దగ్గర ఆయనకి కళ్లు తిరిగాయి. ‘ఎండ దెబ్బరా, మజ్జిగ తాగితే సరి’ అంటాడు. మీరూ సరేననేస్తారా? ఆగండి!

ఈ చికిత్స పేరు టావి. 2002లో ఫ్రాన్స్ డాక్టర్ అలాన్ క్రిబియే మొదటిసారి చేశారు. బృహద్ధమని వాల్వు పక్కనుంచే గుండె ‘కరెంటు వైరింగ్’ వెళ్తుంది. కొత్త వాల్వు విచ్చుకుని దాన్ని నొక్కితే, పై గదుల సిగ్నల్ కింది గదులకు సరిగా అందదు. అదే హార్ట్ బ్లాక్. కొందరిలో వాపు తగ్గాక సర్దుకుంటుంది. వాల్వు రకాన్ని బట్టి మారినా, సుమారు పదిమందిలో ఒకరికి పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. ముందే ఈసీజీలో కుడి బండిల్ బ్లాక్ ఉంటే రిస్క్ ఎక్కువ.

చిక్కేంటంటే, ఇది ఇంటికొచ్చాకా బయటపడొచ్చు. అందుకే డిశ్చార్జికి ముందే ‘ఈసీజీ ఏమైనా మారిందా?’ అని డాక్టర్‌ని అడగండి. పాత, కొత్త ఈసీజీలు ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. స్పృహ తప్పినా, కళ్లు తిరిగి నాడి నిమిషానికి 50 లోపు ఉన్నా బైక్ ఎక్కించొద్దు. వెంటనే 108కి కాల్ చేయండి.

మజ్జిగ తర్వాత తాగొచ్చు!