పవర్‌హౌస్ స్టేషను ఎవరిది?

హథ్‌ఖోజ్ అను పేరు మన పాఠకులలో చాలమందికి క్రొత్తదై యుండవచ్చును. అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి భిలాయి ఉక్కునగరము ప్రక్కనే గల భారీ పరిశ్రమల వాడ. అక్కడి కర్మాగారములలో దినమంతయు శ్రమించిన కాంట్రాక్టు కార్మికుడు ఇల్లు చేరుటకు భిలాయి, దేవబలోదా–చరోదా, భిలాయి పవర్‌హౌస్ వంటి చిన్న స్టేషనులలో లోకలు బండి కొరకు వేచియుండును. దుర్గ్, రాయపూర్ నగరముల నడుమ సుమారు 37 కిలోమీటర్ల మార్గములో గల ఈ స్టేషనులే అచ్చటి శ్రామిక ప్రజకు నిత్యజీవనాధారములు. భిలాయి, భిలాయి నగర్, భిలాయి పవర్‌హౌస్ స్టేషనులు మూడును నేడు అమృత్ భారత్ స్టేషనుల జాబితాలో చేరియున్నవి. స్టేషనులు అందగించుట సంతోషమే. కాని ఆ నూతన శోభ ఎవరి కొరకు? అచ్చటి గోడపై ఎవరి చరిత్ర నిలువబోవుచున్నది? ఈ ప్రశ్న రైల్వే కార్మికులమైన మనము అడుగక మరెవ్వరు అడుగవలెను?

ఈ మార్గము బెంగాల్–నాగపూర్ రైల్వే నాటిది. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ నాగపూర్ నుండి తూర్పునకు సాగించిన మార్గము 1891 నాటికి ఆసన్‌సోల్ చేరినది. అప్పటికి భిలాయి ఒక పల్లె మాత్రమే. 1955లో సోవియట్ యూనియనుతో ఒడంబడిక కుదిరిన పిమ్మట ఆ పల్లె రూపు మారినది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసును నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించినారు. రాజహరా గనుల నుండి ఇనుప ఖనిజము, నందిని నుండి సున్నపురాయి, దూరప్రాంతముల నుండి బొగ్గు రైలుపైననే వచ్చినవి. 1960 నుండి ఇచ్చటి మిల్లులో సిద్ధమైన పట్టాలు దేశమంతట పరచబడినవి. మనము నడిపించు బండ్లలో అధికభాగము భిలాయి పట్టాలపైననే పరుగిడుచున్నవి. చరోదాలో పెద్ద మార్షలింగ్ యార్డు వెలసినది. సరకు బండ్లకు ఏ లోటును రానీయలేదు. ఆ సరకును తయారు చేయు మనిషి ప్రయాణమునకు మాత్రము ఆ శ్రద్ధలో పదవ వంతైనను లభించలేదు.

భిలాయితో తెలుగువారి సంబంధము నిన్నటిది కాదు. విజయనగరము–రాయపూర్ రైలుమార్గము వెంట శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి వేలాది కుటుంబములు బ్రతుకుతెరువు వెదకుకొనుచు అచ్చటికి చేరినవి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది మొదలు 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే, రాయపూర్ డివిజను పని ప్రారంభించు వరకు భిలాయి మార్గమును, మన వాల్తేరు డివిజనును ఒకే రైల్వేకు చెందియుండెను. ఆ కుటుంబములు జీతము అందిన వెంటనే ఊరిలోని తల్లిదండ్రులకు మనియార్డరు పంపెడివి. ఆ సొమ్మును ముసలితల్లి చేతిలో లెక్కించి పెట్టినది మన తపాలా సోదరుడే. కావున భిలాయి కార్మికుని కష్టము మనకు పరాయిది కాదు.

ఇక మరువరాని విషయమునకు వత్తము. ఉక్కు కర్మాగారము చుట్టును వెలసిన ప్రయివేటు పరిశ్రమలలో కాంట్రాక్టు కార్మికులు స్థిరమైన ఉద్యోగము, జీవనవేతనము కోరి ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా నాయకత్వమున ఉద్యమించినారు. ఆ ఉద్యమ నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రించుచుండగా కాల్చి చంపబడినారు. పనినుండి తొలగింపబడినవారి సమస్య పరిష్కారము కాలేదు. 1992 జూలై 1వ తేదీన కార్మికులు, వారి కుటుంబములు పవర్‌హౌస్ స్టేషనువద్ద పట్టాలపై బైఠాయించగా పోలీసులు కాల్పులు జరిపినారు. పదిహేనుమందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. ఏటేట జూలై 1న కార్మికులు అచ్చటికి వచ్చి అమరులకు నివాళి అర్పించుచున్నారు.

పట్టాలపై కూర్చుండుట తగునా, ప్రయాణికులు ఇక్కట్ల పాలగుదురు గదా, డ్రైవరుకు, స్టేషను మాస్టరుకు ఎంతటి సంకటము అని మనలో కొందరు అడుగవచ్చును. ఆ సంకటము నిజమైనదే. దానిని తేలికగా కొట్టివేయరాదు. అయితే 1974 మే 8 నుండి 27 వరకు మనమే బండ్లు నిలిపినప్పుడు మనలనుగూర్చి దేశములో ఇవే మాటలు వినబడినవి గదా! మాట వినువారు లేనప్పుడే శ్రామికుడు బండిని ఆపును. బండి ఆలస్యమునకు తూటా సమాధానము కానేరదు.

నేటి పరిస్థితిని చూడుడు. 2020 మార్చిలో కోవిడ్ కారణముగా నిలిపిన పాసింజరు బండ్లు ‘స్పెషల్’ పేరుతో తిరిగి వచ్చినప్పుడు కనీసపు ఛార్జి 10 రూపాయలకు బదులు 30 రూపాయలైనది. 2024 ఫిబ్రవరి చివర గాని పాత ఛార్జి తిరిగి రాలేదు. 2022 ఏప్రిలులో బొగ్గు రవాణాకు ప్రాధాన్యమిచ్చుచు ఆగ్నేయ మధ్య రైల్వేలో ఇరవైకి పైగా ప్రయాణికుల బండ్లు రద్దు చేయబడినవి. విద్యుత్తునకు బొగ్గు అవసరమే, కాదనము. కాని కొరత వచ్చిన ప్రతిసారియు త్యాగము చేయవలసినది లోకలు బండి ప్రయాణికుడేనా? ఒక బండి తప్పినచో అధికారి కారులో పోవును, కూలివాడు ఆనాటి కూలి పోగొట్టుకొనును. స్టేషనుకు క్రొత్త ముఖద్వారము కట్టి బండిని రద్దు చేయుట పెండ్లిపందిరి వేసి విస్తరి వడ్డింపకుండుట వంటిది.

కావున మన కోరికలు స్పష్టముగా ఉండవలెను. షిఫ్టు వేళలకు అనుగుణముగా లోకలు బండ్లు నడుపవలెను, అవి చిన్న స్టేషనులన్నిటను ఆగవలెను. అచ్చటి పనులను కాంట్రాక్టరులకు అప్పగింపక శాశ్వత ఉద్యోగులను నియమింపవలెను. పునర్నిర్మాణమగు పవర్‌హౌస్ స్టేషనులో 1992 జూలై 1న మరణించినవారి పేర్లతో ఒక శిలాఫలకము నిలుపవలెను. ఇది ఖర్చుతో కూడినది కాదు, మనసుతో కూడినది.

ఆ ప్రాంతపు రైల్వే, తపాలా శాఖలు సంయుక్తముగా సమావేశమై, ఈ కోరికలపై తీర్మానముచేసి డివిజను అధికారులకు పంపవలెనని మా సూచన. మన శాఖలన్నియు వానికి మద్దతు తెలుపవలెను. పట్టాలను తయారుచేసినవాడును, వానిపై బండి నడిపినవాడును, వాని జాబును ఇంటికి చేర్చినవాడును ఒకే కుటుంబమునకు చెందినవారు. ఆ కుటుంబములో మరణించినవారి పేరు స్టేషను గోడపై లేకున్న యెడల, ఆ లోటును పూరించు బాధ్యత బ్రతికియున్న మనదే.