కిలోలతో పాటు కొలెస్ట్రాల్ లెక్క కూడా చెప్పండి



స్థూలకాయానికి చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ల ప్రకటనల్లో సాధారణంగా రెండు ఫొటోలు ఉంటాయి, ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఎన్ని కిలోలు తగ్గారో కింద పెద్దక్షరాల్లో వేస్తారు. రక్తంలో కొలెస్ట్రాల్ ఏమైందో మాత్రం వేయరు. ఒంట్లో కొవ్వు కరిగితే కొలెస్ట్రాల్ దానంతటదే దిగుతుందని చాలామంది నమ్మకం. అందులో సగమే నిజం. ఏ కొలెస్ట్రాల్, ఏ ఆపరేషన్ అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఆ తేడాను ఆపరేషన్‌కు ముందే రోగికి విడమరచి చెప్పి తీరాలన్నది నా వాదన.

స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనాన్ని చూడండి. ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందినీ, అదే తరహా స్థూలకాయంతో మామూలు వైద్యం పొందుతున్న 2,037 మందినీ ఏళ్ల తరబడి గమనించారు. పదేళ్ల ఫలితాలు 2004లో వచ్చాయి. ఆపరేషన్ అయినవాళ్లలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు తగ్గాయి, మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్ పెరిగింది, చాలామందికి షుగరు అదుపులోకి వచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్ విషయంలో మాత్రం రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 87 మందికి చేసింది కడుపును కుదించడమో, దానికి బ్యాండు బిగించడమో. తిండిని కడుపులో ఎక్కువ భాగం, చిన్నపేగు మొదటి భాగం తప్పించి పంపే జీర్ణాశయ బైపాస్ జరిగింది మిగతా 13 మందికే. (ఇది గుండెకు చేసే బైపాస్ కాదు.) ఆ కొద్దిమందిలో మొత్తం కొలెస్ట్రాల్ కూడా దిగింది. అమెరికాలో హెన్రీ బుక్‌వాల్డ్ బృందం అదే ఏడాది 136 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క కట్టినప్పుడూ ఇదే తేలింది. రక్తంలో కొవ్వులు ఎక్కువున్న వాళ్లలో బ్యాండుతో మెరుగుపడింది 59 శాతం మంది, బైపాస్‌తో 97 శాతం. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్న, కడుపును గొట్టంలా సన్నగా చేసే స్లీవ్ సంగతికొస్తే, ఫిన్లాండ్‌లో 240 మందికి స్లీవ్, బైపాస్‌లలో ఏదో ఒకటి చేసి అయిదేళ్లు పరిశీలించారు. చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ బైపాస్ వర్గంలోనే ఎక్కువ తగ్గింది.

కొలెస్ట్రాల్ మీద పేగుకు ఇంత పెత్తనం ఎందుకున్నదో తెలియాలంటే, బుక్‌వాల్డ్ అంతకు ముందు చేసిన పని చూడాలి. కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పైత్య ఆమ్లాలు తయారుచేస్తుంది. అన్నం అరిగించాక వాటిలో నూటికి 95 వంతులు చిన్నపేగు చివరి భాగంలో మళ్లీ ఒంట్లోకి ఇంకి కాలేయానికి చేరతాయి. ఆ చివరి రెండు మీటర్ల పేగును దారి తప్పిస్తే పైత్య ఆమ్లాలు మలంతో పోతాయి. కొత్తవి చేసుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. ఒకసారి గుండెపోటు వచ్చిన 838 మందితో ఆయన నడిపిన పరీక్ష ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. ఈ ఆపరేషన్ అయిన వర్గంలో ఎల్‌డీఎల్, కానివాళ్లకంటే దాదాపు 38 శాతం తక్కువగా ఉంది. అది స్థూలకాయుల కోసం చేసిన ఆపరేషన్ కాదు, ఇప్పటి జీర్ణాశయ బైపాస్ పేగులో ఆ భాగాన్ని తప్పించదు కూడా. అయినా కొలెస్ట్రాల్ లెక్క తూకం యంత్రం మీదే తేలదని ఆనాడే రుజువైంది.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు చవగ్గా దొరుకుతుంటే ఇదంతా ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కేవలం ఎల్‌డీఎల్ కోసం ఎవరూ కడుపు కోయించుకోనక్కర్లేదు, మాత్రే మేలు. కానీ మనవాళ్లలో ఎక్కువగా కనిపించే లోపం వేరు. 2014లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఫలితాల్లో, పరీక్షించిన పెద్దల్లో 72 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువగా ఉంది. స్టాటిన్ దాన్ని పెంచేది స్వల్పం. తీవ్ర స్థూలకాయం ఉన్నవారికి ఆపరేషన్ ఆదుకునేది అక్కడే.

హెచ్‌డీఎల్ అంకె పెరిగినంత మాత్రాన గుండెకు రక్షణా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దాన్ని బాగా పెంచిన టోర్సెట్రాపిబ్ అనే మందును, వాడినవాళ్లలో మరణాలు పెరగడంతో 2006లో ఆపేశారు. అందుకే అంకెలతో ఆగకుండా ప్రాణాలు లెక్కపెట్టాలి. స్వీడన్ వాళ్లు ఆ పని చేశారు. 2012 నాటి లెక్కలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవారు ఆపరేషన్ వర్గంలో 28 మంది, రెండో వర్గంలో 49 మంది. ఎవరికి ఆపరేషన్ అన్నది చీటీ తీసి నిర్ణయించలేదు కాబట్టి దీన్ని తిరుగులేని రుజువు అనను. కొట్టిపారేయదగ్గ తేడా మాత్రం కాదు.

అలాగని అందరూ బైపాసే చేయించుకోవాలని కాదు. దాని తర్వాత బి12, ఇనుము, కాల్షియం జీవితాంతం చూసుకుంటూ ఉండాలి. స్లీవ్ దానికంటే సులువైన ఆపరేషన్, కొందరికి అదే సరైనది. కానీ ఎల్‌డీఎల్ బాగా ఎక్కువుండి, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోట్లు వచ్చిన మనిషికి ఈ తేడా చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం అన్యాయం. ఆస్పత్రులు బరువుతో పాటు ఆపరేషన్‌కు ముందు, ఏడాదికి, అయిదేళ్లకు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల లెక్క) ఎలా ఉందో కూడా చూపాలి. ఆపరేషన్ చేయించుకోబోయే పాఠకులు ఆ లెక్కలున్న కాగితం అడిగి తీసుకోండి. చేయించుకున్నవారు బరువు తగ్గింది కదా అని స్టాటిన్ మాత్ర సొంతంగా మానేయకండి, రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పేదాకా వేసుకోండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ