తాతయ్య తత్వాలపై పరిశోధన మన బడి నుంచే

మతం, సమాజం, విద్య అంటూ విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. మన చింతామణి తాలూకా కైవారం గురించి రాయాలంటే ఈ మూడింటినీ విడదీయడం కుదరదు. మనం తాతయ్య అని పిలుచుకునే యోగి నారేయణ మొదట గాజులమ్ముకునే నారాయణప్ప. ఆయన 1726లో పుట్టి 1836లో సమాధి అయ్యారని భక్తుల నమ్మిక. తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు చెప్పారు. బాగేపల్లి, చింతామణి పల్లెల్లో తెలుగు అక్షరం రాని పెద్దవాళ్లు కూడా భజనలో కూర్చుంటే తెలుగు తత్వం తడుముకోకుండా పాడతారు. మన సీమలో తెలుగును నిలిపింది బడి కంటే భజన మందిరమేనని ఒప్పుకోవాలి.

చిక్కు ఒకటుంది. ఆ పాటల పుస్తకాలు చాలా ఇళ్లలో కన్నడ లిపిలో ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు, చదువుకున్న లిపిలో రాసుకున్నారు. కానీ కన్నడం మాత్రమే తెలిసిన పరిశోధకుడికి అక్కడి తెలుగు మాట ఎక్కడ విరవాలో తెలియదు. ఆంధ్ర నుంచి వచ్చినవారికి ఆ లిపి రాదు, మన యాస అంతకన్నా రాదు. రెండు లిపులూ, ఇంటి యాసా తెలిసినవాళ్లు ఎక్కడున్నారు? మన బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల బెంచీల మీద ఉన్నారు. అడ్మిషన్ ఫారంలో మాతృభాష దగ్గర కన్నడ అని రాయించే తల్లిదండ్రులు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. ఆ పిల్లలు తెలుగు అక్షరం నేర్వకపోతే రేపు ఆ పుస్తకాలు చదివేవారుండరు.

ఇంత పని బడిపంతుళ్ల వల్ల అవుతుందా అంటారేమో. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1928లో వేమనపై ఇచ్చిన ఉపన్యాసాలను పండితులు నేటికీ తిరగేస్తున్నారు. ఆయనా కన్నడ నాట తెలుగు అయ్యవారే.

మేము కోరేది చిన్నది. పిల్లవాడు అవ్వ దగ్గరో తాత దగ్గరో కూర్చుని ఒక తత్వం రాసుకురావాలి. ఎవరు పాడారు, వారు ఎవరి దగ్గర నేర్చారు, పుస్తకం ఏ లిపిలో ఉంది, ఈ మూడూ కింద రాయాలి. ఒక్కో ఊళ్లో మాట ఒక్కోలా ఉంటే అలాగే ఉంచాలి. ఉపాధ్యాయులు ఎర్ర సిరాతో దిద్దకూడదు (మనకు చెయ్యి ఊరుకోదు మరి!). పాత పుస్తకాన్ని ఫోటో తీసుకుని ఇంటివాళ్లకే తిరిగివ్వాలి.

బడిలో భజనేమిటని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ఆ అడగడం న్యాయమే. మన తరగతుల్లో ముస్లిం, క్రైస్తవ పిల్లలూ ఉన్నారు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం ఉన్న బడిలో పెద్దల సమ్మతి లేకుండా ఏ పిల్లవాడినీ మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. కాబట్టి దీపం, హారతి, పాడి తీరాలన్న బలవంతం ఉండకూడదు. తత్వం ఇంట్లో లేని పిల్లవాడు తన ఇంటి పెద్దలు చెప్పే పాటో, సామెతో, కథో తెస్తాడు. దానికీ అంతే విలువ ఇవ్వాలి.

తాతయ్య జయంతి ఫాల్గుణ పౌర్ణమికి వస్తుంది. ఆలోగా ఒక్కో బడి పది తత్వాలు పోగుచేసినా మంచి మొదలే. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు దగ్గరపడే రోజులవి గనుక పదో తరగతివాళ్లను మాత్రం వదిలేద్దాం.