కౌలు రైతుకు భరోసా ఎప్పుడు?

తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

2018లో సీజన్‌కు ఎకరానికి రూ.4,000తో మొదలైన పెట్టుబడి సాయం, 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో ఏడాదికి రూ.12,000 అయింది. రెండెకరాల సొంత చెలక ఉన్న ఇంటికి ఆ డబ్బు చిన్నది కాదు. అదునుకు చేతిలో పడితే యూరియా కోసం షావుకారు గడప తొక్కే పని తప్పుతుంది. నగదు ఇస్తే జనం సోమరులవుతారనే వాళ్లు జూన్‌లో ఒక పూట ఎరువుల దుకాణం ముందు నిలబడితే చాలు.

అదే దుకాణంలో కౌలు రైతునూ చూడండి. పత్తి గింజల ప్యాకెట్లు, డీఏపీ బస్తా ఉద్దెరకు ఎత్తుకుంటాడు. అసలుకు మిత్తి కలుస్తుంది. చివరికి పత్తి కూడా ఆ దుకాణదారుకే తూకం వేయాలి, ఆయన చెప్పిందే ధర. భరోసా సొమ్ము మాత్రం పట్టాదారు ఖాతాలో పడుతుంది, ఆయన హైదరాబాద్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా. పోనీ ఆ మేరకు కౌలు తగ్గించమని అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే వచ్చే ఏడు ఆ చేను ఇంకొకరి చేతికి పోతుంది!

2023 అసెంబ్లీ ఎన్నికల్లో మీ పార్టీ కౌలు రైతులకూ ఎకరానికి ఏటా రూ.15,000 ఇస్తామంది. వాళ్లను గుర్తించడం ఎలా అన్న సాకు వద్దు. సాగుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చేందుకు 2011లోనే చట్టం వచ్చింది. గ్రామసభలు పెట్టించండి, వానాకాలం విత్తనాలు పడకముందే ఆ కార్డులు ఇప్పించండి, సాయం వాటి మీద జమ చేయండి.

ఇట్లు,
ఒక రైతుబిడ్డ