గుమ్మి కూలితే గింజ పోయినట్టేనా?

కళాశాలలో ఏదైనా యంత్రం ఆగిపోయిందంటే మనం వేసే మొదటి ప్రశ్న "దాని ఖరీదెంత?" అని. నా మనవి ఏమిటంటే, మొదట అడగవలసింది "దానిలో ఏముంది?" అని. ఖరీదు రసీదులో ఉంటుంది. లోపల ఉన్నదానికి రసీదు ఉండదు.

ఈనాడు దాదాపు ప్రతి విభాగంలోనూ ఓ మూలన చిన్న పెట్టె ఒకటి ఉంటున్నది. దానిలో రెండో నాలుగో హార్డ్ డిస్కులు. గదిలోని కంప్యూటర్లన్నీ వైరు ద్వారా దానితో మాట్లాడతాయి. దీన్నే "నాస్" అంటున్నారు. విద్యార్థుల ప్రాజెక్టులు, ప్రయోగాల లెక్కలు, ఫొటోలు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ అందులోకే పోతాయి. పని చేసినన్నాళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోరు. దీపం ఆరిన రోజున మాత్రం అందరూ దాని చుట్టూ మూగుతారు.

ఆరాంఘర్ చౌరస్తాకు దగ్గరలోని ఒక చిన్న పరిశోధనశాలలో, పోయిన వేసవిలో నేను ప్రాజెక్టు చేస్తుండగా సరిగ్గా ఇదే జరిగింది. నాలుగు డిస్కుల పెట్టె, ఆరేళ్ల భూసార పరీక్షల లెక్కలు. అందులో మా ఊరి చెలకల మట్టి లెక్కలూ ఉన్నాయి. కరెంటు పోయి వచ్చిన తరువాత పెట్టె మళ్లీ లేవలేదు. ఒక దుకాణంలో అడిగితే "అంతా పోయినట్టే, కొత్తది కొనుక్కోండి" అన్నారు. మరో చోట "డిస్కులు ఇచ్చి పోండి, ఫార్మాట్ చేసి ఇస్తం" అన్నారు. రెండో మాట వింటే గుండె గుభేలుమంటుంది. ఎందుకంటే 2019 వానాకాలంలో నేలలో ఉన్న తేమను ఇవాళ ఎంత డబ్బు పెట్టినా తిరిగి కొలవలేం కదా!

అసలు సంగతేమంటే, చచ్చింది పెట్టె. డిస్కులు చావలేదు. గుమ్మి గోడ కూలితే లోపలి వడ్లు ఎత్తి ఇంకో గుమ్మిలో పోసుకుంటాం గాని, వడ్లకు తద్దినం పెట్టం. అక్కడి సహాయకుడు ముందుచూపు గలవాడు. ఏ డిస్కు ఏ అరలో ఉన్నదో కాగితం ముక్కల మీద 1, 2, 3, 4 అని రాసి ఏనాడో అంటించి పెట్టాడు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి అదే కంపెనీ పెట్టె ఒకటి తెచ్చి, అదే వరుసలో డిస్కులు పెట్టి స్విచ్ వేశాం. "ఈ డిస్కులు వేరే పెట్టె నుంచి వచ్చినవి. ఉన్నది ఉన్నట్టు ఉంచాలా, చెరిపేయాలా?" అని అడిగింది. ఉంచమన్నాం. లెక్కలన్నీ వచ్చాయి.

ఇందులో మంత్రమేమీ లేదు. ఇటువంటి పెట్టెలు చాలావరకు లోపల లైనక్స్ మీదనే నడుస్తాయి. ఏ డిస్కు ఏ గుంపులోనిదో, దాని స్థానమేమిటో ఆ డిస్కు మీదనే రాసి ఉంటుంది. డిస్కులను గుంపుగా కట్టే ఈ పద్ధతికి "రెయిడ్" అనే పేరుతో 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు వ్యాసం రాశారు. దాని కిటుకు ఇంటర్ విద్యార్థికి కూడా అర్థమవుతుంది. మూడు డిస్కుల మీద 1, 0, 1 ఉన్నాయనుకుందాం. ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా నాలుగో దానిపై 0 రాస్తాం. ఏ ఒక్క డిస్కు పోయినా మిగతా మూడింటిని చూసి పోయినదాన్ని లెక్క గట్టవచ్చు. రెండు పోతే మాత్రం ఆ లెక్క తేలదు. అందుకే ఈ పద్ధతిలో 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు పెట్టినా మనకు దక్కే చోటు 16 కాదు, 12.

ఇక్కడే మనవాళ్లలో చాలామంది పొరబడుతున్నారు. "నాలుగు డిస్కులున్నయి గదా, ఒకటి పోయినా ఫికర్ లేదు" అంటారు. డిస్కు పోవడం ఒక ప్రమాదం మాత్రమే. ఎవరో పొరపాటున ఫైలు చెరిపితే నాలుగు డిస్కులూ విధేయంగా చెరిపేస్తాయి. దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. 2022 జనవరిలో "డెడ్‌బోల్ట్" అనే దుష్ట ప్రోగ్రాము ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ పెట్టెల్లోకి దూరి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. దక్షిణ కొరియాలోని డేజాన్‌లో 2025 సెప్టెంబరు 26న ప్రభుత్వ సమాచార కేంద్రం తగలబడినప్పుడు 858 టెరాబైట్ల ఉద్యోగుల ఫైళ్లు బూడిదయ్యాయి. అంత పెద్దదానికి వేరే ప్రతి ఉంచలేదట! అంత సంపన్న దేశానికే ఆ గతి పడితే మన విభాగాల మాటేమిటి?

"ఇదంతా ఎందుకు, క్లౌడ్‌లో పెడితే పోలె?" అని మరికొందరు మిత్రులు అంటారు. క్లౌడ్ చెడ్డదని నేననను. కాని అది పరాయివాడి గోదాము. విద్యాసంస్థలకు హద్దు లేకుండా చోటిచ్చిన గూగుల్, ఇకపై సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లే ఉచితమని 2021లో ప్రకటించింది. గోదాము యజమాని షరతు మార్చిన నాడు మన మూటలు మన ఇంట్లో కూడా ఉండాలి.

ఈ తెలివి రైతుకు కొత్త కాదు. మా నాయన విత్తనపు వడ్లను ఒక్కచోట ఉంచడు. కొంత మా ఇంట్లో, కొంత మా మేనమామ ఇంట్లో. శాస్త్రజ్ఞులు చేసేదీ అదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తన జొన్న, కంది, శనగ విత్తనాల ప్రతులను నార్వే వారి స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారానికి పంపింది. 2008లో తెరిచిన ఆ భాండాగారం విలువ 2015లో లోకానికి తెలిసింది. సిరియా యుద్ధం వల్ల అలెప్పోలోని ఇకార్డా తన విత్తన నిధికి దూరమైనప్పుడు, స్వాల్‌బార్డ్‌లో దాచుకున్న ప్రతులనే తెప్పించుకొని లెబనాన్‌లో, మొరాకోలో మళ్లీ పండించింది. 2017లో కొన్నింటిని తిరిగి దాచింది కూడా. గుమ్మి పోయింది, గింజ బతికింది.

కాబట్టి విద్యార్థి సంఘానికీ, అధ్యాపకులకూ నాలుగు సూచనలు చేస్తున్నాను.

మొదటిది, ప్రతి పెట్టెకూ ఒక నోటుబుక్కు ఉండాలి. కంపెనీ, నమూనా, డిస్కుల వరుస, కొన్న తేదీ, తాళపు మాట ఎవరి దగ్గర ఉన్నదీ అందులో రాయాలి. డిస్కులకు తాళం వేసి, ఆ మాట పోగొట్టుకుంటే వాటిని ఏ పెట్టెలో పెట్టినా ఫలితం శూన్యం.

రెండవది, కొనేముందు దుకాణదారును ఒక్క ప్రశ్న అడగాలి: "రేపు ఈ పెట్టె చస్తే, డిస్కులు వేరే దానిలో చదవొస్తాయా?" జవాబు నసిగితే ఆ పెట్టె మనకొద్దు.

మూడవది, ముఖ్యమైన ఫైళ్లకు ఇంకో ప్రతి వేరే భవనంలో ఉండాలి.

నాలుగవది, ఏడాదికొకసారి ఆ ప్రతి నుంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. మొలక పరీక్ష చేయని విత్తనాన్ని రైతు నమ్మడు. తెరిచి చూడని ప్రతిని మనమెందుకు నమ్మాలి?

వీటికయ్యే ఖర్చు వార్షికోత్సవపు షామియానా ఖర్చు కంటే ఎక్కువ కాదు. డబ్బు లేదనే మాట దీనికి వర్తించదు. లేనిది శ్రద్ధ.

కళాశాల అంటే భవనాలు, బెంచీలు మాత్రమే కాదు. మనకు ముందు చదివినవారు ఎండలో నిలబడి, రాత్రి మేలుకొని కొలిచిన లెక్కలు కూడా కళాశాలే. వాటిని వెనక వచ్చేవారికి చెక్కుచెదరకుండా అప్పగించడం మన విధి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు మనకు ఎన్నాళ్లనుంచో ఉన్నది. ఈ ఒక్క విషయంలోనైనా ఆకులు ముందే కోసి పెట్టుకుందాం.